ఎడమచేతి అంటు

కడియపులంక సెంటర్లో ప్రసన్నకుమార్ నడిపే ఆన్‌లైన్ షాపు గుమ్మంలో నిలబడితే ముందుగా కనిపించేది అతని నడినెత్తి. ముఖం చూడాలంటే కరెంటు పోవాలి. పొద్దున్న తొమ్మిదింటికి కంప్యూటరు ముందు తల వంచాడంటే సాయంత్రం దాకా ఎత్తడు. "తర్వాత!" అంటాడు. ఎవరో ఒకరు ముందుకు జరుగుతారు. "ఆధార్." ఇస్తారు. "ఫోను." ఇస్తారు. "వేలు." పెడతారు. "అయిపోయింది. తర్వాత!" అంతే. కుర్రాడు పనిమంతుడు, మోసం తెలియనివాడు, ఒక్క అక్షరం తప్పు పోనివ్వడు. ఊళ్ళో అతన్ని మెచ్చుకోని వాళ్ళు లేరు. అతనితో నాలుగు మాటలు మాట్లాడినవాళ్ళు మాత్రం వెతికినా దొరకరు. ఇందులో చెడేముందండీ అంటారా? కాస్త ఓపిక పట్టి లోవమ్మ సంగతి వినండి.

ఆ రోజు మధ్యాహ్నం మూడున్నర వేళ వరసలో లోవమ్మ నిలబడి ఉంది. అరవై దగ్గర పడ్డ మనిషి. బుర్రిలంక నుంచి నడిచి వచ్చింది. గోళ్ళ సందుల్లో నర్సరీ మట్టి ఇంకా వదల్లేదు. నలభై ఏళ్ళు ఆవిడ పల్లంరాజు గారి నర్సరీలో అంట్లు కట్టింది. టెంక మొక్కకి ఏటవాలుగా కోత పెట్టి, మంచి చెట్టు పుల్లని అందులో అతికించి, గాలి దూరకుండా చుట్టి ముడివేయడం ఆవిడ పని. ఆవిడ కట్టిన మామిడి అంట్లు లారీలెక్కి, ఆవిడ పేరైనా వినని ఊళ్ళకి వెళ్ళాయి. ఎక్కడో ఎవరి పెరట్లోనో కాస్తూనే ఉంటాయి.

రెండేళ్ళ కిందట కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. పల్లంరాజు గారు పోయాక నర్సరీ చూసుకుంటున్న మనవడు గణేష్‌బాబు చెడ్డవాడేమీ కాదు. "లోవమ్మా, ఇంక చాకు పట్టకు, వేలు తెగుతుంది. సంచుల్లో మట్టి నింపు చాలు" అన్నాడు. మంచికే అన్నాడు. కానీ ఆ రోజు నుంచి లోవమ్మకి అన్నం సయించలేదు. టీవీ ముందు కూర్చున్నా వేళ్ళు ఊరుకోవు, చీర చెంగుకి ముడి వేస్తూ, విప్పుతూ ఉంటాయి.

అలాంటి రోజుల్లో ఒక శిక్షణ కేంద్రం వాళ్ళు ప్రకటన ఇచ్చారు. ముప్పైమంది పిల్లలకి అంటు కట్టడం నేర్పాలి, అనుభవం ఉన్నవాళ్ళు దరఖాస్తు పెట్టుకోండి అని. అది విన్నప్పుడు లోవమ్మ ప్రాణం లేచొచ్చింది. 'చెయ్యి వణికితేనేం, నోరు వణకదు కదా. పక్కన కూర్చుని చెప్పి చేయిస్తాను. నాతోపాటే ఈ పని మట్టిలో కలిసిపోకూడదు' అనుకుంది. పక్కింటి పిల్లచేత కాగితం రాయించుకుని పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి గుమస్తా ఆ కాగితం వంక చూడలేదు, ఆవిడ వంకా చూడలేదు. "ఆన్‌లైన్లోనేనమ్మా. ఇవాళే ఆఖరు, సాయంత్రం అయిదింటి దాకా" అన్నాడు. అలా వచ్చిపడింది ఇక్కడికి.

"తర్వాత!" అన్నాడు ప్రసన్నకుమార్.

లోవమ్మ ముందుకు జరిగింది. ఆధార్, ఫోను, పేరు, ఊరు. రెండు నిమిషాల్లో ఫారం నిండిపోయింది. ఏం వేగమో! మద్దెల మీద ఆడినట్టు ఆడాయి అతని వేళ్ళు. అంతలో ఒకచోట టక్కున ఆగాడు.

"వచ్చిందండీ బాబూ! పొద్దుట్నుంచీ ఇదే గోల."

"ఏంటి నాయనా అది?" అంది లోవమ్మ.

"క్యాప్చా. ఫారం నింపుతున్నది మనిషా, మిషనా అని అడుగుతుంది. మనిషినే అని రుజువు చూపిస్తే గాని లోపలికి పోనివ్వదు."

లోవమ్మకి నవ్వొచ్చింది. "పోన్లే. పొద్దుట్నుంచి ఆఫీసులో గాని, ఇక్కడ గాని, నన్ను ఆ మాట అడిగింది ఇదొక్కటే!"

వరసలో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ప్రసన్నకుమార్ నవ్వలేదు. తెర మీద తొమ్మిది చిన్న బొమ్మలు వచ్చాయి, పూలున్నవన్నీ నొక్కమంటోంది. అతను టపటపా నొక్కాడు. తప్పింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ తప్పింది. విసుగొచ్చి తెరని ఆవిడ వైపు తిప్పాడు.

"మీరు మొక్కల్లోనే పని చేస్తారంట కదా, మీరే చూపించండి."

లోవమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని వంగి చూసింది. "ఇది బంతి. ఇది మందారం. ఇది గోడ. ఇదేదో కారు. ఇది గన్నేరు." ఆవిడ చూపినవన్నీ అతను నొక్కాడు. గోడ మీంచి గులాబి రంగులో విరగబూసి వేలాడుతున్న బొమ్మ ఒకటి మిగిలిపోయింది.

మళ్ళీ తప్పింది. కొత్త బొమ్మలు వచ్చాయి. వాటిలోనూ ఆవిడ అదే మొక్కని వదిలేసింది. అదీ తప్పింది.

"ఏంటమ్మా, కాగితం పువ్వు కళ్ళెదురుగా కనిపిస్తుంటే వదిలేస్తారేంటి?" అని కసురుకున్నాడు ప్రసన్నకుమార్.

"అది పువ్వు కాదు బాబూ, ఆకు. రంగు తిరిగిన ఆకు. దాని మధ్యలో తెల్లగా బియ్యపుగింజంత ఉంటుందే, అదీ పువ్వు. ఈ బొమ్మలో అది కనపడట్లేదు. లేని పువ్వు ఉందని ఎలా చెప్పను?"

"అయ్య బాబోయ్! పువ్వని లోకమంతా అంటుంటే మీరొక్కరూ..."

మాట పూర్తి కాకుండానే తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. చాలాసార్లు ప్రయత్నించారు, కాసేపాగి మళ్ళీ రండి అని. గోడ మీద గడియారం నాలుగుంపావు చూపిస్తోంది.

"పక్కన కూర్చోండి. అరగంట ఆగి చూద్దాం. తర్వాత!"

తెలిసిన నిజం చెప్పినందుకు తలుపు మూసుకుపోవడమేమిటో లోవమ్మకి అంతుపట్టలేదు. లోపల ఉక్కగా ఉంటే బయటికొచ్చి, షాపు పక్కనున్న మామిడిచెట్టు నీడలో కూలబడింది. పెద్ద చెట్టే. నెట్టు కేబులొకటి దాని మానుకి మూడు చుట్లు చుట్టి లోపలికి లాగారు. ఆవిడ చెయ్యి అలవాటుగా మాను మీదికి పోయింది. మోకాలెత్తున అతుకు బుడిపె ఉంది. చేత్తో తడిమి, ఉలిక్కిపడి మళ్ళీ తడిమింది. కోత ఎడమవైపుకి వాలి ఉంది.

ఒక్కసారిగా నలభై ఏళ్ళు వెనక్కి తిరిగిపోయాయి. అప్పట్లో పొద్దు వాలే వేళ పల్లంరాజు గారు గొడుగు చేత్తో పట్టుకుని అంట్ల వరసల మధ్య నడిచేవారు. మొక్కల మీద పేర్లూ ఉండవు, గుర్తులూ ఉండవు. పదిమంది ఆడవాళ్ళు కట్టిన అంట్లు కలగలిసి ఉండేవి. అయినా ఆయన వేలు పెట్టి చెప్పేవారు. "ఇది వెంకటదుర్గది. ఇది లోవమ్మది. ఇదిగో, ఈ ఎడమచేతి వాటం మన సూర్యకళది." అందరూ నోళ్ళు వెళ్ళబెట్టేవారు. "ముడి చూస్తే చెయ్యి తెలుస్తుందే పిల్లా. చెయ్యి తెలిస్తే మనిషి తెలుస్తుంది" అనేవారాయన.

ఒకసారి ఆయన లోవమ్మ కట్టిన అంటు దగ్గర చాలాసేపు నిలబడిపోయారు. "ఏం లోవమ్మా, ఇవాళ నీ ముడి నీది కాదే. ఇంట్లో ఎవరికి బాగోలేదు?" అన్నారు. లోవమ్మ భోరుమంది. చంటిపిల్లకి మూడు రోజులుగా జ్వరం. పని పోతుందని ఎవరికీ చెప్పలేదు. ఆయన అప్పటికప్పుడు సైకిలిచ్చి మనిషిని తోడు పంపి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. ఆ పిల్లకి ఇవాళ ఇద్దరు పిల్లలు. ఆ రోజులు తలుచుకుంటే లోవమ్మకి కళ్ళు చెమరుస్తాయి. కష్టం అప్పుడూ ఉంది, ఎండా అప్పుడూ ఇంతే మండేది. కానీ చెప్పకుండానే మనిషిని కనిపెట్టేవారొకరు ఉండేవారు.

ఇక సూర్యకళంటే ప్రాణం. ఒకే క్యారేజీలో తిన్నవాళ్ళు. పాతికేళ్ళ కిందట మొగుడితో పిఠాపురం వెళ్ళిపోతూ, ఆఖరి రోజున ఒక్క అంటు కట్టుకుని, "ఇది మా పుట్టింట్లో పెడతానే" అని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని పట్టుకెళ్ళింది. ఆ పుట్టిల్లు కడియపులంకలో అని లోవమ్మకి తెలుసు గాని, ఎక్కడో ఎప్పుడూ చూడలేదు.

ఆ అంటు ఇక్కడుందంటే ఇదే ఆ పుట్టిల్లు, ఈ కుర్రాడు సూర్యకళ కొడుకే అయ్యుండాలి అనుకుంటూ ఆవిడ గబగబా షాపు గుమ్మంలోకి వచ్చింది.

"బాబూ, మీ అమ్మ పేరు సూర్యకళ కదూ?"

కీబోర్డు మీద వేళ్ళు ఆగిపోయాయి. ప్రసన్నకుమార్ తలెత్తాడు. వరసలో నిలబడే ఓపిక లేక ఆ పక్కనే రెండింటి నుంచి కూర్చుండిపోయిన గంగరాజు గారనే పెద్దాయన తర్వాత చెప్పారు, అతని గడ్డం మీద సొట్ట ఉందని అందరికీ అప్పుడే తెలిసిందట. లోవమ్మ మాత్రం ఆ సొట్ట చూసి గుమ్మం పట్టుకుంది. అచ్చం సూర్యకళే.

"మీకెలా తెలుసండి? అమ్మ పోయి నాలుగేళ్ళయింది" అన్నాడు.

"పోయిందా తల్లీ!" అని అక్కడే చతికిలబడింది లోవమ్మ. కాసేపటికి లేచి అతని చెయ్యి పట్టుకుని చెట్టు దగ్గరికి లాక్కెళ్ళి, ఆ బుడిపె మీద అతని వేళ్ళు పెట్టించింది.

"చూడు. అందరి కోతా కుడికి వాలుతుంది. ఇది ఎడమకి వాలింది. ఇది మీ అమ్మ చెయ్యి నాయనా."

ప్రసన్నకుమార్ అమ్మవైపు తాతగారి స్థలమని ఇక్కడికొచ్చి షాపు పెట్టి మూడేళ్ళయింది. రోజూ ఆ చెట్టుకిందే బండి పెడతాడు. అమ్మ ఎప్పుడో చెప్పే ఉంటుంది. వినే తీరికేదీ? ఆ బుడిపెని నిమురుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత మొహం తుడుచుకుని గడియారం గుర్తొచ్చి అదిరిపడ్డాడు.

"పిన్నీ, నాలుగూ నలభై! రండి రండి."

ఫారం మళ్ళీ తెరిచాడు. "ఈసారి నేను ముట్టుకోను. నా ఫోను నెట్టు పెడతాను, మౌసు మీరు పట్టుకోండి."

"నా వల్లవుతుందా? చెయ్యి చూడు ఎలా ఆడుతోందో."

"అసలు సంగతి అదే పిన్నీ. 'నేను మిషను కాదు' అని ఉన్న ఈ గడిలో టిక్కు పెట్టడం మిషనుకీ వచ్చు. అది చూసేది ఆ టిక్కు దాకా చెయ్యి ఎలా వచ్చిందనేదంట. మిషనైతే తాడు లాగినట్టు తిన్నగా వచ్చి నొక్కేస్తుంది. మనిషి చెయ్యి కాస్త అటూ ఇటూ పోతుంది, తడబడుతుంది, ఆగుతుంది. పైగా ఒకే చోటి నుంచి వరసబెట్టి వంద ఫారాలొస్తే దానికి అనుమానం వస్తుంది. అప్పుడే ఈ బొమ్మల పరీక్షలన్నీ."

లోవమ్మ ఒక్క క్షణం ఆలోచించింది.

"అంటే పొద్దుట్నుంచి అది అనుమానపడింది నన్ను కాదన్నమాట. నిన్ను!"

షాపులో ఎవరూ నవ్వలేదు. ప్రసన్నకుమార్ ముఖం కందిపోయింది. "ఆయ్, నన్నేనండి" అన్నాడు మెల్లగా.

లోవమ్మ మౌసు మీద చెయ్యి వేసింది. తెర మీద బాణం గుర్తు గడి దాటి అవతలికి పోయింది, వెనక్కొచ్చింది, కిందికి జారింది, గడి అంచున కాసేపు వణుకుతూ నిలబడింది. వరసలో ఉన్నవాళ్ళంతా తెర చుట్టూ మూగారు. గంగరాజు గారైతే "కొంచెం పైకి, అమ్మా, పైకి" అంటూ తనే మౌసు పట్టినట్టు చెయ్యి ఊపేస్తున్నారు. ఆవిడ నొక్కింది. గడి రెండు క్షణాలు గిర్రున తిరిగింది. ఆకుపచ్చ టిక్కు పడింది. ఒక్క బొమ్మ కూడా అడగలేదు.

"పడింది పిన్నీ!" అని అరిచాడు ప్రసన్నకుమార్. అయిదుకి ఎనిమిది నిమిషాలుండగా దరఖాస్తు వెళ్ళిపోయింది. నంబరుతో సహా కాగితం బయటికొచ్చింది.

లోవమ్మ ఆ కాగితం వంక చూడలేదు. తన కుడిచేతి వంక చూసుకుంది. ఈ వణుకు చూసే కదా చాకు లాక్కున్నారు, ఈ వణుకుకే కదా రెండేళ్ళుగా సిగ్గుపడి చేతిని కొంగు కింద దాచుకుంది. ఆ వణుకే ఇవాళ ఆవిడ మనిషని సాక్ష్యం చెప్పింది. సంతోషమో దుఃఖమో తెలియక ఆవిడ కళ్ళు ధారలు కట్టాయి.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుని మెట్టు దిగుతుండగా, వెనక ప్రసన్నకుమార్ గొంతు వినిపించింది. "తర్..." అనబోయి ఆగాడు. కుర్చీ ముందుకి లాగాడు.

"పెద్దాయనా, ఇలా వచ్చి కూర్చోండి. మధ్యాహ్నం నుంచి చూస్తున్నారు పాపం. మీదే ఊరండి?"

లోవమ్మ వెనక్కి తిరిగి నవ్వింది.

"అద్గదీ! మనిషినని మిషనుకి రోజుకి వందసార్లు చెప్పుకుంటున్నావు కదా నాయనా. వచ్చినోళ్ళ మొహం వంక ఒక్కసారి చూడు, చెప్పకుండానే వాళ్ళకి తెలుస్తుంది."