ఫోనుకు అందుబాటులో ఉండవలెను

పిడుగురాళ్ల సమీపంలోని ఒక పెద్ద సిమెంటు కంపెనీలో నేను డిప్యూటీ మేనేజరుగా ఉన్న కాలమది. 1986లో మా కర్మాగారానికి ఎలక్ట్రానిక్ కంట్రోల్ ప్యానెల్ వచ్చింది. బట్టీల వేడిని, గాలిని ఒకే గదిలో కూర్చొని అదుపు చేయవచ్చు. అయితే ఆ ప్యానెల్ మొరాయిస్తే బాగుచేయగలవాడు ఖాదర్ వలి ఒక్కడే. అతని ఇంట్లో కంపెనీ ఖర్చుతో టెలిఫోను పెట్టించినది నేను. ఆ వీధిలో అదే మొదటిది. దానిని నేను సన్మానంగానే భావించాను.

ఏడాది తిరిగేసరికి అతని చేతులు వణకసాగాయి. స్క్రూడ్రైవరును రెండు చేతులతో పట్టుకొనేవాడు. పది రోజులు పూర్తి విశ్రాంతి కావాలని డాక్టరు వ్రాసి ఇచ్చాడు. సెలవు మంజూరు చేసి, అడుగున నా అలవాటు ప్రకారం ఒక వాక్యం చేర్చాను: 'స్టేషను విడిచి వెళ్ళరాదు, ఫోనుకు అందుబాటులో ఉండవలెను.' నా ఉద్యోగంలో ఆ వాక్యం లేని సెలవు పత్రం ఏదీ నా బల్ల దాటలేదు.

ఆరవ నాటి ఉదయం అతని భార్య సాబిరా ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సెలవిచ్చారంట గదా సార్. ఆ సెలవు ఏడుందో నాక్కూడా చూపించండి."

"ఇచ్చానమ్మా. ఇంటి దగ్గరే ఉన్నాడు కదా?"

"ఏం ఉండటం! ఐదు రోజుల్లో పదకొండుసార్లు పిలిచారు. అన్నం ముందు కూర్చొని కూడా ఫోను వైపే చూస్తన్నాడు. నన్ను చేసుకున్నాడో, దాన్ని చేసుకున్నాడో తెలవట్లా. మా అమ్మోళ్ళది చిలకలూరిపేట. నాలుగు రోజులు ఆడికి తీసకపోతానంటే, సార్ రాశాడు, కదలకూడదంటాడు. చానా పాడైపోయాడు సార్. ఆ ఒక్క ముక్కా కొట్టేయండి."

జనరల్ మేనేజరు గారిని అడిగి వచ్చాను. "కొట్టివేయండి. బట్టీ ఆగితే మాత్రం జవాబు మీదే" అన్నారాయన. నేను ఎర్ర సిరాతో ఆ వాక్యాన్ని కొట్టివేసి, పక్కన పొట్టి సంతకం చేశాను. ఈ కబురు అతనికి నేనే చెప్పాలనిపించింది. ఎక్స్ఛేంజి వారిని అడిగి అతని నంబరు కలిపించాను.

మొదటి గంటకే ఎత్తాడు.

"ఖాదర్, నేను..."

"వస్తన్నా సార్!" ఫోను పెట్టేశాడు.

మళ్ళీ కలిపించాను. ఎవరూ ఎత్తలేదు.

అరగంటలో సైకిలు తొక్కుతూ వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. గదిలో భార్యను చూసి తెల్లబోయాడు.

"ఏమే, నువ్వేంది ఇక్కడ?"

"నీ సెలవు తీసకపోదామని వచ్చా" అన్నది సాబిరా.

నేను కాగితం తీసి విషయం చెప్పబోతుండగానే కంట్రోల్ రూము ఆపరేటరు ఏసోబు తలుపు తోసుకొని వచ్చాడు. "ఖాదరన్న గేట్లో కనిపించాడంట సార్! దేవుడు పంపినట్టు వచ్చాడు. రెండో బట్టీ రీడింగు ఎగిరెగిరి పడతంది."

ఖాదర్ వలి నా వైపు చూశాడు. నేను వద్దనవలసినది. వద్దనడానికి కావలసిన కాగితం నా చేతిలోనే ఉన్నది. జనరల్ మేనేజరు గారి మాట చెవిలో ఉన్నది.

"ఎటూ వచ్చావు కాబట్టి ఒక్కసారి చూసి వెళ్ళు" అన్నాను.

అతడు వణికే చేతులను జేబుల్లో పెట్టుకొని ఏసోబు వెంట వెళ్ళాడు. సాబిరా నా చేతిలోని కాగితం తీసుకొని, నాలుగు మడతలు పెట్టి, అప్పుడు కుర్చీలో కూర్చున్నది. మధ్యాహ్నం షిఫ్టు సైరను మోగేవరకు ఆమె అక్కడే ఉన్నది.