పూడ్చిన కిటికీలు

మేస్త్రీ చంటిదానికని ఊరికే దగ్గుమందు సీసా ఇచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది. పచ్చి ఇటుక విరిగితే కూలి కోసే మనిషికి మా మీద అంత జాలి ఎక్కడిది?

"బిడ్డకి చన్నీళ్లు పోసుంటావు. తల్లివి, నీకే జాగ్రత్త లేకపోతే ఎలా?" అన్నాడు మా వదినతో. వదిన తలొంచుకుంది. నాకు ఒళ్లు మండింది. ఆమె ఒళ్లో చంటిది ఊపిరాడక డొక్కలెగరేస్తోంది.

ఇటుకల బట్టీ వెనకే మా గదులు. వాటికి కిటికీలుండేవి. పోయినేడు ఒక కుటుంబం పారిపోయిందని మేస్త్రీ వాటిని మా చేతనే పూడ్పించాడు. ఆడవాళ్లు బయట వండుకుంటూ నలుగురూ ఒకచోట చేరతారని పొయ్యిలూ లోపలికే తోయించాడు. పొయ్యిలోకి తడి చితుకులు. పొగ పోయే దారి లేదు.

బువ్వ వేళ అందరం చేరాం. ముందు మాలో మాకే అనుమానాలు.

"నీ కొడుకు దగ్గే మా చంటిదానికి అంటుకుంది!"

"వాడికి మీ గదిలోంచే వచ్చింది!"

మట్టి తొక్కే ముసలమ్మ కసిరింది. "మీరూ మీరూ జుట్లు పట్టుకోండి, మేస్త్రీకి కావాల్సిందదే. ఆయన పిల్లలు ఇలా ఎగరొప్పుతున్నారా? వాళ్లకి గాలుంది, పాలున్నాయి, టీకాలున్నాయి."

"టీకాలామె మన దగ్గరికీ వచ్చింది. మేస్త్రీ గేటు దగ్గరే తిప్పి పంపాడు," అన్నాడు లారీలకి లోడెత్తే మా అన్న, చంటిదాని తండ్రి.

"చూసి నోరు మూసుకున్నావా?" నిలదీసింది ముసలమ్మ.

అన్న లేచాడు. చంటిదాన్ని భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. వెనకే వదిన, ఆ వెనక మేమంతా.

"మందిచ్చాగా! ఆసుపత్రి పేరు చెప్పి ఉడాయిద్దామనా?" అని మేస్త్రీ అడ్డొచ్చాడు. అందరం కలిసి ఒక్క తోపు తోశాం. గేటు తెరుచుకుంది. అన్నా, వదినా ఆసుపత్రికి పరుగెత్తారు.

మేం వెనక్కొచ్చి గడ్డపారలు పట్టాం. ఎక్కడ ఏ ఇటుక పెట్టామో మాకు తెలియదా? పొద్దు వాలేలోపు అన్ని గదులకూ గాలొచ్చింది.

వదిన, వెనకే అన్న, ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. ముందే తెస్తే బతికేదని డాక్టరు అన్నాడట. గదుల ముందు మేస్త్రీ ఇటుకల కుప్ప చూపించి, "మళ్లీ పూడ్చండి," అని అరుస్తున్నాడు.

వదిన ఏడవలేదు. తిన్నగా వెళ్లి తన కిటికీలో ఎక్కి కూర్చుంది.

"రా మేస్త్రీ. నన్ను లోపల పెట్టి కట్టు."

పక్క కిటికీలో ముసలమ్మ ఎక్కింది. ఆ పక్కదాంట్లో ఇంకొక తల్లి, బిడ్డతో సహా. మేస్త్రీ మా మొహాలు ఒక్కొక్కటీ వెతికాడు. ఇటుక అందుకునే చెయ్యి ఒక్కటీ దొరకలేదు.