రంగు మారిన చేను

నందకుమార్‌కు పాత కెమెరాల పిచ్చి. దాని మీద ఇంకో పిచ్చి, స్లైడ్ ఫిల్మును నెగటివ్‌లు కడిగే మందులో కడగడం. అలా కడిగితే రంగులు చెప్పిన మాట వినవు. పీలమేడులో కాలేజీ ల్యాబు ఉద్యోగం ముగించుకుని వచ్చి, బాత్‌రూమ్ కిటికీకి నల్లగుడ్డ కట్టుకుని చేసే పని అదొక్కటే. పెళ్లి కాలేదు, అమ్మ పోయింది. ఆమెతోనే ఇంట్లో తెలుగూ పోయింది. బయటంతా తమిళమే. ఇంటి మాట వినాలని ప్రాణం కొట్టుకునేది.

ఆదివారం ఒట్టన్‌చత్రం దగ్గర, చిన్నాన్నతో ఉమ్మడిగా ఉన్న చేనికి వెళ్లాడు. వానల్లేక ఈ ఏడు ఎవరూ విత్తలేదు. నల్లరేగడి బూడిదరంగుకు తిరిగి నెర్రెలు విచ్చింది. గట్టు మీద నిలబడి, ఫిల్మును సగం సగమే తిప్పుతూ ఈ మూల నుంచి ఆ మూల దాకా తీశాడు. ఒక బొమ్మ అంచు ఇంకోదానిలో కలిసిపోయి, చేనంతా ఒకే పొడుగాటి పట్టీగా వచ్చింది. కడిగి కంప్యూటర్‌లోకి ఎక్కించి చూస్తే, మబ్బులేని ఆకాశం ముదురు నీలమై మూసుకొచ్చింది, బూడిద నేల కాటుకలా నల్లబడింది. ఎవరికైనా చూపించకపోతే అన్నం సయించేట్టు లేదు. మదురైలో కూతురింట్లో ఉంటున్న చిన్నాన్న పెరియసామికి పంపాడు. మోకాళ్లు అరిగినా చేను మీద ధ్యాస అరగని మనిషి. అమ్మ కర్మలయ్యాక ఆయన ఒక్కసారీ ఫోన్ చేయలేదు.

వెంటనే ఫోన్ మోగింది.

"నందా, వానొచ్చిందా? మన్ను బాగా నానినట్టుండాదే."

కాదని చెప్పబోయాడు. కాదంటే ఆ గొంతు ఆగిపోతుంది. "ఊఁ" అన్నాడు.

ఇక ఆయన్ని పట్టేవాళ్లెవరు? "జొన్న వేద్దాం. నడుమ కంది. ట్రాక్టర్ లక్ష్మణన్‌కు నేను చెప్తా. నువ్వు తిన్నావా? ఏం వండుకున్నావు?"

తిన్నావా అని అడిగేవాళ్లు లేక ఎన్నాళ్లయిందో. నందకుమార్ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఆయన ఇంకాసేపు మాట్లాడితే చాలనిపించింది.

"పొద్దున బస్సుకే వస్తా. నీ కాడే పండుకుంటా."

ఆ మోకాళ్లతో బస్సెక్కుతాడు. ఇక దాస్తే పాపం.

"రావద్దు సిన్నాయనా. వాన లేదు. అది మందులో మారిన రంగు. మన్ను ఎండే ఉండాది."



"మరి దేనికి పంపినావు?"

"ఊరికే. నువ్వు మాట్లాడతావని."

"మాట్లాడినా గదా. వానొస్తే పిలువు," అని పెట్టేశాడు.

జన్మలో విత్తనం చేత పట్టని నందకుమార్, ఇప్పుడు పొద్దున లేవగానే ఒట్టన్‌చత్రంలో వాన పడిందా అని ఫోన్‌లో చూసుకుంటున్నాడు.