కంపెనీ కమాను

కారు కింద వెల్లకిలా పడుకున్న గోవిందుకి అక్కణ్నుంచి కనబడుతున్నవి కాళ్ళే. జోళ్ళున్న కాళ్ళన్నీ చింతచెట్టు నీడకి చేరిపోయాయి. జోళ్ళు లేని కాళ్ళు కాలుతున్న రోడ్డు మీదే, కారు వెనకే నిలబడి, ఒకటి ఎత్తి ఒకటి దించుకుంటున్నాయి. వాటిలో మడమలు పగిలి, ఎడమ చీలమండ ఉబ్బి ఉన్నవి అక్క సన్యాసమ్మవి. ఆ కాళ్ళని అతను ఎంతమందిలోనైనా పోల్చుకుంటాడు.

"ఏటయ్యింది తమ్ముడా?" అని వంగి అడిగింది సన్యాసమ్మ.

"కమాను ఇరిగిపోనాదప్పా."

"అంటే ఏటి? ఎళ్ళదేటి?"

"ఎళ్ళదు."

ఇరుసు మీద కారు బరువంతా మోసే ఇనప పట్టీల కట్టని కమాను అంటారు. వెనక ఎడమవైపు కట్టలో పెద్ద పట్టీ రెండు ముక్కలై వేలాడుతోంది. వజ్రపుకొత్తూరులో బయల్దేరి పూండి స్టేషను మీదుగా కాశీబుగ్గ పోయే సర్వీసు కారు అది. పూండి దాటి కాస్త దూరం వచ్చి చతికిలబడింది. కాశీబుగ్గ బజారు పొద్దెక్కితే పలచబడిపోతుంది. బుట్టల్లో చేప అప్పటికే మెత్తబడుతోంది. సన్యాసమ్మ ఇంకేమీ అనకుండా బుట్ట నెత్తికెత్తుకుని నడక మొదలుపెట్టింది. మిగిలిన ఆడవాళ్ళు ఆమె వెనక నడిచారు.

ఆ ఆడవాళ్ళెవరూ కారు లోపల కూర్చుని వచ్చినవాళ్ళు కాదు. వెనక, కారుకి బోల్టులేసి బిగించిన పలక మీద నిలబడి వచ్చినవాళ్ళు. ఈ పలక సంగతి కాస్త చెప్పుకోవాలి.

కారు టెక్కలిలో ఉండే జనార్దనరావు గారిది. ఉద్దానంలో కొబ్బరితోటలున్న మనిషి. కారు కొన్న కొత్తలో, సముద్రం ఒడ్డునున్న అక్కుపల్లి నుంచి చేపలమ్ముకునే ఆడవాళ్ళు కొంగున డబ్బు కట్టుకుని వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డారు. ఎక్కనివ్వలేదు. చేపల కంపట. పళ్ళెంలోకి వచ్చిన చేపకి లేని కంపు, ఆ చేపని తెచ్చే మనిషికి ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ పెద్దమనుషులే చెప్పాలి. గోవిందు అక్కుపల్లివాడే. తెప్ప వదిలి చక్రం పట్టుకున్న మొదటివాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది సన్యాసమ్మ. ఇసకలో పడి పూండికి, పూండి నుంచి కాశీబుగ్గకి బుట్ట మోసి పెంచింది. తను కారు తోలుకుంటూ పోతుంటే అక్క పక్కన దుమ్ము మింగుతూ నడవడం అతను చూడలేకపోయాడు. యజమానిని బతిమాలాడు, కాళ్ళావేళ్ళా పడ్డాడు. చివరికి ఆయన కారు వెనక ఒక పలక బిగించి, పట్టుకోడానికి తాడు కట్టించాడు. లోపల కూర్చున్నవాళ్ళకి రెండణాలు. పలక మీద నిలబడ్డ మనిషికి అణా, బుట్టకి అణా.

అణా అణా కలిస్తే ఎంతో వాళ్ళకి తెలియక కాదు. అయినా సంబరపడ్డారు. "నా కాళ్ళకి సెలవిచ్చీసినాడమ్మా మా తమ్ముడు" అని సన్యాసమ్మ కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. తాడు పట్టుకుని, వెనక్కి పరిగెత్తే జీడితోటల్ని చూస్తూ, ఆమె పలక మీద నవ్వుకుంటూ వచ్చేది. అద్దంలో ఆ నవ్వు కనబడిన రోజు గోవిందుకి అన్నం రుచిగా ఉండేది.

కమాను విరిగిన రెండోనాడు జనార్దనరావు గారు రైలెక్కి విశాఖపట్నం వెళ్ళొచ్చారు. గోవిందుని అరుగు దగ్గరికి పిలిపించారు.

"కంపెనీ కమాను దొరుకుతుందిరా. ఖరీదు మండిపోతోంది, సరే, దానికేం. కాని ఆ షాపువాడు మెలిక పెట్టాడు. ఈ బండికి వెనక పలకేవిటి, ఆ బరువుకి మా కమాను పూచీ పడదు, పలక తీసేస్తేనే బిగించండి అన్నాడు."

ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"పలక ఉండాలంటే ఇంకో దారుంది. కాశీబుగ్గలో మన అప్పలసూరి చేత కొట్టిద్దాం. పాత ఇనుమే, అయితేనేం? పట్టీలు లావుగా, ఇంకో రెండు ఎక్కువ వేయిద్దాం. కంపెనీవాడిది సన్నం. అందులో సగం ఖరీదు కూడా కాదు. ఏది కావాలో నువ్వే తేల్చుకో. నీ వాళ్ళే కదా."

ఎంత పెద్ద మనసు! నౌకరుని పిలిచి సలహా అడిగిన యజమానిని టెక్కలిలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. గోవిందు ఏమంటాడో ఆయనకి తెలుసు. ఆ మాట గోవిందు నోటి నుంచే రావాలని ఆయన కోరిక. ఆ ఆడవాళ్ళని లోపలే కూర్చోబెడితే పలకా అక్కర్లేదు, నాటు కమానూ అక్కర్లేదు. ఆ సంగతి మాత్రం ఆ అరుగు మీద ఎవరికీ తోచలేదు. బాధేమిటంటే, గోవిందుకి కూడా తోచలేదు.

అతను ఇంటికి వెళ్ళి అక్కని అడిగాడు. అక్క కూతురు చిన్నతల్లి జిల్లేడాకు వెచ్చబెట్టి తల్లి చీలమండకి కడుతోంది.

"కంపెనీదంటే మంచిదేనేటి?" అంది సన్యాసమ్మ.

"మంచిదే. గానీ పలక తీసీమంటన్నారు."

"పలక తీసీసినాక అది మంచిదైతే నాకేటి, సెడ్డదైతే నాకేటి? లోపల కూకున్నోలకి మంచిది. నా కాలు సూడు. నువ్వు పలకుంచు తమ్ముడా."

అప్పలసూరి బండిచక్రాలకి పట్టాలు వేసే కమ్మరి. మంచివాడు. కొలిమి దగ్గరే ఉన్నమాట చెప్పాడు. "కారు కమాను కొట్టడం నాకిదే మొదలు, గోయిందూ. కాల్సిన ఇనుముకి నీరు తక్కువ పడితే వంగిపోతాది, ఎక్కువ పడితే పుటుక్కుమంటాది. కంపెనీవోడికి ఆ లెక్క తెలుసు. నాను సూపు మీద సేత్తన్నాను."

"లావుగా కొట్టు మావా, ఏటీ కాదు" అన్నాడు గోవిందు. సముద్రం మీద పెరిగిన మనిషి. దుంగ ఎంత లావైతే తెప్ప అంత బరువు మోస్తుందని పుట్టినప్పట్నుంచీ చూస్తున్నవాడు. కొలిమిలోంచి వచ్చిన ఆ బండ పట్టీలని చూస్తే అతనికి గుండె నిబ్బరమైంది.

కమాను బిగించే రోజు సన్యాసమ్మ పసుపు ముద్ద తెచ్చింది. అక్కుపల్లిలో కొత్త తెప్ప నీళ్ళలో దిగేముందు ఇంటి పెద్ద ఆడది దానికి పసుపు పూసి బొట్టు పెట్టి గంగమ్మకి అప్పగిస్తుంది. అలా పూసిన పసుపుని మనిషి చేత్తో తుడవకూడదు. అలలే కడగాలి. తుడిస్తే అమ్మ చెయ్యి తీసేసినట్టేనని వాళ్ళ నమ్మకం. సన్యాసమ్మ ఆ ఇనప కట్టకి చుట్టూ మందంగా పసుపు పట్టించి, కుంకం పెట్టి, కళ్ళకద్దుకుంది.

తెప్పకైతే సముద్రం ఉంది. కారు అడుగుకి ఏ అల వస్తుంది? వానలకి ఇంకా చాలా రోజులున్నాయి.

పొద్దున్నే బండి తియ్యబోయేముందు గోవిందు కిందికి దూరి చూసేవాడు. ఆ పనిలో అతను ఏనాడూ బద్ధకించలేదు. బోల్టులు తట్టేవాడు, నట్లు బిగించేవాడు. పసుపు మాత్రం ముట్టుకునేవాడు కాదు. కొన్నాళ్ళకి పసుపు మీద సన్నటి గీత ఒకటి కనబడింది. ఎండిన పసుపు బీటలివ్వడం అతను తెప్పల మీద ఎన్నోసార్లు చూశాడు. ఇదీ అంతేననుకున్నాడు. గోటితో గీకితే తెలిసిపోయేది. అక్క పూసిన పసుపు. గోరు పెట్టలేకపోయాడు.

చేపలు బాగా పడ్డ ఓ ఉదయం కారు పూండి ఇవతల తూము దిగుతోంది. పలక నిండా ఆడవాళ్ళు, బుట్టలు. ఎడమవైపు కింద తుపాకి పేలినట్టయింది. ఇరుసు జారిపోయింది. గోవిందు చక్రం ఎంత తిప్పినా కారు మాట వినలేదు. వెనకభాగం పక్కకి ఒరిగి తూము గోడని రాసుకుంటూ వెళ్ళి ఆగింది. లోపలవాళ్ళకి మోచేతులు, మోకాళ్ళు గీరుకున్నాయి. పలక మీద కొందరు దూకేశారు, కొందరు పొలంలో పడ్డారు. ఎడమ చివర నిలబడేది సన్యాసమ్మ. వాచిన కాలితో ఆమె దూకలేకపోయింది.

గోవిందు పరిగెత్తుకు వెళ్ళేసరికి ఆమె గోడకీ పలకకీ మధ్య ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"అప్పా! అప్పా, నాను... గోయిందుని."

"నీకేటీ అవ్వలేదు కదా తమ్ముడా?" అంది. అంతే. తరవాత ఎంత పిలిచినా పలకలేదు.

బోల్టులు ఊడదీసి, ఆ పలక మీదే ఆమెని పడుకోబెట్టి అక్కుపల్లి మోసుకుపోయారు. గోవిందు ముందు కొమ్ము పట్టాడు. అతనికి ఏడుపు రాలేదు. దారి పొడుగునా అక్క కాళ్ళు అతని భుజానికి తగులుతూనే ఉన్నాయి.

మూడోనాడు వెళ్ళి విరిగిన పట్టీని చూశాడు. అప్పుడు తుడిచాడు పసుపుని. విరిగినచోట ఇనుము కాస్తమేర తెల్లగా మెరుస్తోంది, మిగతాదంతా తుప్పు పట్టి నల్లగా ఉంది. అంటే అది ఆ పొద్దున విరిగింది కాదు. చాలా రోజులుగా పసుపు కింద కొంచెం కొంచెంగా విరుగుతూనే ఉంది. ఆ ముక్కని ఒళ్ళో పెట్టుకుని అప్పుడు ఏడ్చాడు గోవిందు, చిన్నపిల్లాడిలా, గుక్క తిప్పుకోకుండా.

జనార్దనరావు గారు నొచ్చుకున్నారు. కర్మకాండకి బియ్యం పంపించారు. "ఏం చేస్తాంరా, కోరి ఎంచుకున్నది నువ్వే కదా" అని మెత్తగా అన్నారు. ఆ మెత్తని మాట గోవిందు గుండెలో దిగబడిపోయింది.

ఈలోగా షావుకార్లూ గుమాస్తాలూ కారెక్కడానికి భయపడుతున్నారని తెలిసి, ఆయన వారం తిరక్కుండా విశాఖపట్నం నుంచి కంపెనీ కమాన్లు తెప్పించారు. ఒకటి కాదు, నాలుగు చక్రాలకీ. అంతా కంపెనీ మాలేనని కాశీబుగ్గలో టాంటాం వేయించారు. పలక మళ్ళీ బిగించలేదు. దాని అవసరం తీరిపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు గోవిందు కారు తీశాడు. నల్లటి కొత్త కమాన్ల మీద కారు ఎంత మెత్తగా పోతోందో! గుంటలో దిగినా తెలియడం లేదు. "ఇదిరా సరుకంటే" అని ముందు సీట్లో జనార్దనరావు గారు మురిసిపోతున్నారు. లోపల సగం సీట్లు ఖాళీ. జనం భయం ఇంకా పూర్తిగా తీరలేదు.

పూండి దాటాక రోడ్డు వార బుట్టలు కనబడ్డాయి. అక్కుపల్లి ఆడవాళ్ళు. వాళ్ళలో పెద్దామె రత్నాలమ్మ ముందు నడుస్తోంది. అందరికన్నా వెనక చిన్నతల్లి. నెత్తి మీద తల్లి బుట్ట. బరువు అలవాటు లేక మెడ వంకరపోతోంది.

గోవిందు కారు ఆపాడు. ఇంజను కూడా ఆపేశాడు. దిగి వెనక తలుపు తెరిచాడు.

"రత్నాలమ్మప్పా, ఎక్కండి. లోపలే కూకోండి. జాగా ఉన్నాది."

లోపల గగ్గోలు లేచింది. ఒక షావుకారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. జనార్దనరావు గారు తల బయటికి పెట్టారు.

"ఏవిట్రా ఇది? మతిపోయిందా? తలుపు మూసి బండి తియ్యి."

"ఆళ్ళు లోపల కూకుంటేనే తీత్తాను బాబూ."

"ఎవడి కారనుకున్నావురా?"

"మీదే బాబూ. నాను కాదన్లేదు."

అతను అంత నెమ్మదిగా చెప్పడం చూసి ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. రత్నాలమ్మ తెరిచిన తలుపు వైపు, మెత్తలున్న సీట్ల వైపు చూసింది. బుట్ట దించడానికి చేతులెత్తి, చిన్నతల్లి ముఖం చూసి ఆగిపోయింది.

"ఎక్కమ్మా సిన్నతల్లీ" అన్నాడు గోవిందు. "కమాన్లు కంపెనీయి. ఇంకేటీ అవ్వదు. నాను రోజూ తుడిసి సూత్తాను."

చిన్నతల్లి అతని వంక చూసింది. ఆ చూపులో కోపమున్నా అతను తట్టుకునేవాడు.

"నాకు బయమేత్తంది మావా" అంది.

"లోపల కూకుంటే బయమేటమ్మా?"

"కారంటే కాదు. నువ్వంటే. అమ్మ నిన్ను నమ్మింది కదా..." బుట్ట సర్దుకుంది. "ఎల్తాను మావా. సేప పాడైపోతాది."

ఆమె నడిచింది. ఆమె వెనకే, ఒక్కొక్కరే, కారు పక్కనుంచి అందరూ నడిచారు. తెరిచిన తలుపుని ఎవరూ ముట్టుకోలేదు.

"చూశావా? వాళ్ళే అక్కర్లేదంటున్నారు" అన్నారు జనార్దనరావు గారు. ఆయన గొంతులో హాయి వినబడింది. "సరే, అయిందేదో అయింది. హేండిలు తిప్పు, పోదాం."

గోవిందు సీటు కింది నుంచి, ఇంజనుని తిప్పి లేపే హేండిలు తీశాడు. కారు ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఎదర రోడ్డు మీద బుట్టలు చిన్నవవుతున్నాయి. చిన్నతల్లి ఒకచోట ఆగి, కాలు ఎత్తి అరికాలు తుడుచుకుని, మళ్ళీ నడిచింది.

"తిప్పరా!"

"తిప్పను బాబూ."

"ఎందుకు తిప్పవు? ఎవరి కోసం? వాళ్ళు పోయారుగా!"

లోపలవాళ్ళు అరుస్తున్నారు. ఎండ నెత్తి మీదికి వస్తోంది. హేండిలు రెండు చేతులా పట్టుకుని అతను కారుకి అడ్డంగా అలాగే నిలబడ్డాడు.