హాస్టల్ వంటింట్లో పన్నెండు రోజులు

అండాలమ్మ కుడిచెయ్యి విరిగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో శేషారత్నం నడిపే ఆడపిల్లల హాస్టల్‌లో ఆమె వంటమనిషి. వంటింటి గడప దగ్గర నిలిచిన నీళ్లలో కాలు జారి పడితే మణికట్టు ఎముక చిట్లింది. డాక్టరు మోచేతి దాకా కట్టు వేసి నాలుగు వారాలు చెయ్యి కదపొద్దన్నాడు.

కూతురు సంధ్యారాణి ఇదే అదను అనుకుంది. ఎల్బీ నగర్‌లో ఒక కళ్లద్దాల షాపులో కంటి పరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. తండ్రి జంగయ్య లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. దవాఖాన నుంచి అల్మాస్‌గూడ ఇంటికి వచ్చేలోపు తల్లితో మూడుసార్లు అంది, "ఇగ చాలమ్మా. ఆ పని మానెయ్" అని.

"మానేస్త తియ్యి. హాస్టల్ పిల్లలకు బ్యాంకు పరీక్ష ఉన్నది. గా పన్నెండు దినాలు కానీ."

"ఒంటిచేత్తో అరవై మందికి ఏం వండుతవ్?"

"నువ్వొస్తవ్ గద" అంది అండాలమ్మ, మంచినీళ్లు అందుకొమ్మన్నంత మామూలుగా.

సంధ్యకు ఆ వంటింటి మీద పాత కోపం ఒకటుంది. తను ఇంటర్ చదివేటప్పుడు అమ్మ చంపాపేట్‌లో ఒక స్కూల్లో ఆయా. నీలం అంచు చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడేది. మా అమ్మ స్కూల్ల పనిచేస్తది అని స్నేహితులతో చెప్పుకోవడం సంధ్యకు ఇష్టం. ఉన్నట్టుండి ఆ పని పోయింది. ఎందుకని అడిగితే "గా మేడంకు నాకు పడలె" అంది అండాలమ్మ. ఆ తర్వాతే హాస్టల్ వంట. మంచి పనిని నోటి దురుసుతో పోగొట్టుకుందని సంధ్య చాలా ఏళ్లు అనుకుంది. షాపులో ఎవరైనా అడిగితే "అమ్మ హాస్టల్ చూసుకుంటది" అని మాట దాటేసేది.

అయినా మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి అమ్మను స్కూటీ వెనక ఎక్కించుకుని బయల్దేరింది. షాపు తెరిచేది పదిన్నరకు. అప్పటిదాకా టిఫినూ మధ్యాహ్నం వంటా చేసి పోయి, రాత్రి వంటకు షాపు నుంచి మళ్లీ రావచ్చనుకుంది.

మొదటిరోజు ఉప్మా. పెద్ద గుండిగలో గరిటె తిప్పడం మొదలుపెట్టిన ఐదు నిమిషాలకే భుజం పట్టేసింది. ఈలోగా రవ్వ గడ్డలు కట్టింది. శేషారత్నం గారు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మనిషి. ప్లేటులోకి తొంగిచూసి, "ఏంటమ్మా సంధ్యా, ఉప్మా అన్నావు, ఉండ్రాళ్లు చేశావేంటి?" అంది.

"ఇయ్యాలటికి గట్లనే తినుండ్రమ్మా. రేపు మంచిగొస్తది" అంది స్టూలు మీద కూర్చున్న అండాలమ్మ.

రేపు కూడా అంత మంచిగా రాలేదు. కానీ సంధ్యకు వేరే సంగతులు కనపడసాగాయి. ఒకరోజు పోపులో ఉల్లిగడ్డ వేయబోతుంటే అమ్మ ఆపింది.

"జరాగు. ఒక గిన్నె పక్కకు తియ్యి. పన్నెండో రూం పిల్లకు ఉల్లిగడ్డ పడదు."

"అరవై మందిల ఒక్కదానికోసం వేరే వండుతున్నవా?"

"వేరే ఏడ వండుతున్న? ఎయ్యకముందు తీస్తున్న, అంతే."

పొద్దున్నే ల్యాబ్‌కు పోయే పిల్లకు డబ్బా ముందు కట్టాలి. శనివారాలు ఇద్దరికి గుడ్డు పెట్టొద్దు. ఒక పిల్ల తింటున్నట్టే కనిపిస్తుంది గానీ సగం పారేస్తుంది, ఆమెకు కొంచెం కొంచెం రెండుసార్లు పెట్టాలి. ఇవేవీ ఎక్కడా రాసి లేవు. అండాలమ్మకు రాయడం రాదు. రోజూ పొద్దున నాలుగున్నర గంటలు ఆ పొయ్యి ముందు నిలబడ్డాక, షాపులో ఏసీ గదిలో అక్షరాల బోర్డు చూపిస్తూ నిలబడటం సంధ్యకు విశ్రాంతిలా అనిపించేది.

పన్నెండోరోజు పరీక్ష. ఆరింటికే ఇడ్లీలు దిగాయి. అమ్మాయిలు హాల్ టికెట్లు చేత్తో పట్టుకుని, నిలబడే తిని పోతున్నారు. అండాలమ్మ వాకిట్లోకి చూస్తూ, "అలేఖ్య రాలె" అంది.

అలేఖ్యది రావులపాలెం దగ్గర ఊరు. ఇది ఆమెకు మూడో ప్రయత్నం.

"పండుకుందేమో. ఎవరన్న లేపుతరులే."

"రాత్రి అన్నం కలిపి పెట్టుకుని అట్లనే కూసుంది. ఒక్క ముద్ద తినలె." అండాలమ్మ లేచి, కట్టు చెయ్యిని గుండెలకు ఆనించుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. సంధ్య పొయ్యి ఆర్పి వెనకాలే వెళ్లింది. మూడో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి అమ్మ అప్పటికే తలుపు తడుతోంది.

"అలేఖ్యా, నేను, అండాలమ్మను."

"నాకు టిఫినొద్దండి. పరీక్షకి వెళ్లట్లేదు. మీరు వెళ్లిపోండి" అని లోపల్నుంచి గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది.

"పరీక్షకు పొమ్మని నేనంటలేను. తలుపొక్కటి తియ్యి."

తలుపు తెరుచుకోలేదు. శేషారత్నం గారిని పిలుద్దామని సంధ్య వెనక్కి తిరగబోయింది. అండాలమ్మ మాత్రం తలుపు ముందు కింద కూర్చుంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ మాట్లాడినట్టు మాట్లాడసాగింది.

"నా బిడ్డ ఇంటర్ల ఫిజిక్స్ ఫెయిలైంది. గోడ దిక్కు మొకం పెట్టి మూడు దినాలు పండుకుంది. నాకు సదువు రాదు. ఏం చెప్పాల్నో తెల్వలె. గప్పుడే టీవీల ఎవరెవరి పిల్లలో ఏమేమో చేసుకున్నరని చెప్తుండ్రి. నాకు పాణం నిలువలె. దాని పక్కనే కూసున్న. స్నానానికి పోయినా అది కనబడాలని తలుపు తెరిచి పెట్టుకున్న. స్కూలోళ్లు ఫోన్ చేసి, రాకుంటే వేరేటామెను పెట్టుకుంటమన్నరు. పెట్టుకోండ్రి అన్న."

సంధ్య మెట్ల పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయింది. ఆ మూడు రోజులు ఆమెకు బాగా గుర్తు. ఫెయిలైన కూతురితో ఒక్క ఓదార్పు మాట మాట్లాడకుండా అమ్మ పక్కన కూర్చుని చింతపండు ఒలుస్తుంటే ఎంత చిరాకు పడిందో కూడా గుర్తు. స్కూలు పని పోయింది ఆ వారమే. ఆ రెండింటినీ ఆమె ఎప్పుడూ కలిపి చూడలేదు.

అంతలో లోపల్నుంచి, "మీ అమ్మాయి ఇప్పుడేం చేస్తున్నారండి?" అని వినిపించింది.

"ఎల్బీ నగర్ల కండ్లు చూస్తది. ఇన్ని దినాల సంది మీకు ఉప్మ చేస్తున్నది గదే."

"ఆ గడ్డల ఉప్మానా?"

"గదే."

గడియ తీసిన చప్పుడైంది. అలేఖ్య కళ్లు ఉబ్బి ఉన్నాయి. అండాలమ్మ ఆమెను దగ్గరకు తీసుకోలేదు, ఏడవొద్దని కూడా అనలేదు. "మొకం కడుక్కొని కిందికి రా. తిన్నంక పోవాల్నో వద్దో నువ్వే చెప్పు" అంది.

వంటింటి బల్ల మీద కూర్చుని మూడు ఇడ్లీలు తిన్నాక అలేఖ్య టైమెంతయిందని అడిగింది. ఏడూ ఐదు. పరీక్ష కేంద్రం కర్మన్‌ఘాట్ అవతల, గేటు ఏడున్నరకు మూసేస్తారు. సంధ్య స్కూటీ తాళాలు తీసుకుని, "హాల్ టికెట్ తెచ్చుకో" అంది. గేటు మూయడానికి నాలుగు నిమిషాలున్నాయనగా దిగి అలేఖ్య పరుగెత్తింది. నెత్తిమీద హెల్మెట్ ఉందని సగం దూరం పోయాక తెలిసి, వెనక్కి వచ్చి ఇచ్చి మళ్లీ పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి అండాలమ్మ ఎడమచేత్తో ఇడ్లీ ప్లేట్లు కడుగుతోంది. సంధ్య వాటిని లాక్కుని తను కడగడం మొదలుపెట్టింది.

"స్కూల్ పని నాకోసం పోగొట్టుకున్నవ్. ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నీకు ఇంకో బాధ. అప్పటికే ఒకటుండె గద."

"నువ్వేం మాట్లాడుతలేవని నాకు కోపముండె."

"తెల్సు."

"నువ్వు నా పక్కనుంచి లేవలె. గందుకే నేను లేచిన. ఇన్నేండ్ల సంది గా మాట నీకు చెప్పలె." ప్లేటు మీంచి చూపు ఎత్తకుండానే చెప్పింది సంధ్య. ఎత్తితే చెప్పగలిగేది కాదు.

అండాలమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "మూడో దినం నువ్వు చాయ్ పెట్టుమన్నవ్. యాదికున్నదా? గంత మంచి మాట నేను ఎన్నడు ఇనలె" అంది. అని, పప్పు నానబెట్టాలని గుర్తొచ్చి డబ్బా కోసం వెతుక్కుంది.

ఆరోజే సంధ్య శేషారత్నం దగ్గరికి వెళ్లింది. "ఆంటీ, అమ్మకు తోడుగ ఇంకొకామెను పెట్టాలె. గడప దగ్గర నీళ్లు నిలవకుండ చేయించాలె" అంది.

"గడప రేపే చేయిస్తాను. తోడు మనిషిని పెడతానని నేనెన్నిసార్లు అడిగానో మీ అమ్మనే అడుగు. ఎవరొచ్చినా ఉప్పు ఎక్కువేస్తారంటుంది" అంది శేషారత్నం.

"ఈసారి ఒప్పుకుంటది. నేను చెప్తా."

కుసుమకుమారి అనే ఆమె పనిలో చేరింది. ఉప్పు గురించి మొదటివారం రెండు గొడవలయ్యాయి, తర్వాత సర్దుకున్నారు. కట్టు విప్పాక అండాలమ్మ మళ్లీ గరిటె పట్టింది. మానెయ్యమని సంధ్య మళ్లీ అడగలేదు.

అలేఖ్య ఆ పరీక్షలో గట్టెక్కలేదు. ఫలితం వచ్చిన మధ్యాహ్నం ఎవరూ పిలవకుండానే వంటింట్లోకి వచ్చింది. "పోయిందండి, రెండు మార్కుల్లో" అని చెప్పి, ప్లేటు తీసుకుని అండాలమ్మ ముందు కూర్చుంది.