కానిస్టేబుల్ ఇంటి సొరబుర్ర

ఎండిన సొరకాయ గలగలమంది. ఆయిషా బీ గోడ మీద ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి బిగుసుకుపోయింది.

"దిగు," కింద నుంచి మగ గొంతు. "కాయతో సహా దిగు."

ఎర్ర తలపాగా, నిక్కరు. చిత్తూరు నుంచి తిరుపతికి బదిలీ అయి, ఎదురింట్లో మొన్ననే కాపురం పెట్టిన కానిస్టేబుల్ పరంధామయ్య. వచ్చిన కొత్తలోనే ఒక దొంగనైనా పట్టి పేరు తెచ్చుకోవాలని చూస్తున్నాడు. తెల్లవారుతూనే దొంగ దొరికింది, చంకలో సొత్తుతో.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. ఆ వీధిలో సొరవిత్తు ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. ఇచ్చిన విత్తు పూస్తుంది గాని కాయదని నమ్మకం. పక్కింటి తీగ మీద ఎండిన విత్తనపు కాయను గోడ దూకి ఎత్తుకురావాలి. సొంతదారు చూసినా చూడనట్టుండి, తర్వాత వీధిలో నిలబడి పేరు చెప్పకుండా తిట్టిపోయాలి. ఆ తిట్లు తగిలితేనే తీగ పందిరంతా పాకుతుంది. పక్కపక్క ఇళ్ళ సుబ్బులమ్మ, ఆయిషా బీ ఇలాగే ఒక ఏడు ఈమె, మరుసటి ఏడు ఆమె దొంగలుగా స్నేహం చేస్తున్నారు.

ఈసారి మాత్రం ఆట కాదు. నిరుడు వానలు లేక వీధిలో సొరపాదులన్నీ మాడిపోయాయి. యుద్ధం రోజులు. రేషను బియ్యంలోకి కూర అంటే పెరట్లో కాసిందే. బావి నీళ్ళు మోసి సుబ్బులమ్మ బతికించుకున్న తీగకు ఒక్క కాయే విత్తుకు నిలిచింది. అది పోతే ఆ పొడుగు సొర ఆ వీధిలో ఇక ఉండదు.

పరంధామయ్య సుబ్బులమ్మ తలుపు తట్టాడు.

"ఈ కాయ మీదేనా? ఈమె ఎత్తకపోతా ఉండింది."

సుబ్బులమ్మ స్నేహితురాలి ముఖం చూసింది. దొంగతనమంటే స్టేషను. ఇచ్చానంటే విత్తు గొడ్డుపోతుంది.

"నేనే ఇచ్చినానప్పా," అంది.

"అబద్ధం!" ఆయిషా బీ మండిపడింది. "ఆమె ఇయ్యలేదు. నేనే దొంగిలించినా. అల్లా తోడు!"

"నోర్మూయే! ఇచ్చినానంటాంటే!"

"ఎప్పుడిచ్చినావక్కా? గురక పెట్టి నిద్రపోతా ఉంటివి కదా!"

"గురకా? నేనా?"

పరంధామయ్య బిత్తరపోయాడు. దొంగ ఒప్పుకుంటోంది, సొంతదారు ఒప్పుకోవడం లేదు. ఇలాంటి కేసు అతను చూసి ఎరగడు.

"ఇద్దరూ ఒక మాట మింద నిలబడేదాకా కాయ నా కాడ ఉంటాది," అని పట్టుకుపోయాడు.

అతను అటు పోగానే ఆయిషా బీకి ఏడుపు ముంచుకొచ్చింది.

"ఎందుకన్నావక్కా ఆ మాట? విత్తు సచ్చిపోయింది కదా! స్టేషనుకు పోయుంటే ఏమయ్యేది?"

"నిన్ను ఆడ కూర్చోబెట్టి నేనీడ సొరకాయ కూర తినేదా? గొంతు దిగతాదా?" సుబ్బులమ్మ కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగింది. "ఆయిషా, కాయ ఇప్పుడు యాడ ఉండాది?"

"పోలీసాయన ఇంట్లో."

"మనది కాదు కదా? అయితే దొంగిలించొచ్చు."

ఆయిషా బీ ఏడుపు టక్కున ఆగింది.

మధ్యాహ్నం కానిస్టేబుల్ డ్యూటీకి పోయాడు. కాయ అతని ఇంటి వెనక పంచలో దూలానికి వేలాడుతోంది. చిక్కల్లా ఒకటే, ముట్టుకుంటే లోపల విత్తులు గలగలమంటాయి. పొద్దున పట్టించింది ఆ చప్పుడే.

సుబ్బులమ్మ చాటలో రాగులు పోసుకుని ముందు వాకిట్లోంచి వెళ్ళింది. "దేవకమ్మా, మా తిరగలి పిడి ఊడిపోయింది. మీ దాంట్లో విసురుకుంటా."

కానిస్టేబుల్ భార్య దేవకమ్మది శ్రీకాళహస్తి పక్కన పల్లె. ఎదురుగా కూర్చుని తనూ పిడి పట్టింది. తిరగలి గరగరమంది. వెనక గోడ మీద ఆయిషా బీ తల లేచింది.

"వానలు వస్తాయంటావా?" అంది సుబ్బులమ్మ, ఏదో ఒకటి అనాలి గనక.

"ఆడి నెల, ఆషాఢం రాబోతాంది కదక్కా. వస్తాయి."

తాడు తెగింది. గలగల.

దేవకమ్మ చెయ్యి ఆగింది.

దేవకమ్మ వెనక్కి తిరగలేదు. గుప్పెడు రాగులు పోసి, తిరగలిని మునుపటికన్నా జోరుగా తిప్పింది.

సాయంత్రం పరంధామయ్య వచ్చేసరికి ఖాళీ తాడు వేలాడుతోంది. అతను నోరు తెరిచేలోపే దేవకమ్మ కొంగు బిగించి వీధిలోకి ఉరికింది.

"ఎవురే మా కాయ ఎత్తకపోయింది? మీ చేతులు పడిపోను! మీ పందిరి కూలిపోను! ఆ కూర తిన్న నోట్లో పుండ్లు లెయ్య!"

అన్నీ కడుపులోంచి వచ్చే తిట్లే. పేరు మాత్రం ఒక్కటీ లేదు.

గోడ వెనక ఆయిషా బీ నోరు తెరిచింది. "అక్కా, ఈమెకు తెలుసు! వాళ్ళ పల్లెలోనూ ఇదే పద్ధతేమో!"

"తెలుసు కాబట్టే తిరగలి అంత గట్టిగా తిప్పింది. అబ్బ, ఎంత బాగా తిడతాందే!"

పరంధామయ్య భార్య వెంట పడ్డాడు. "లోపలికి రామ్మే! పోలీసు ఇంట్లో దొంగలు పడినారంటే నా మానం పోతాది." ఆ కేసు అంతటితో ఆగిపోయింది.

ఆడి వానకు ఆయిషా బీ పెరట్లో విత్తులు మొలిచాయి. తీగ గోడెక్కి, సుబ్బులమ్మ పందిరి కూడా కప్పేసింది. కూరకు ఇవ్వడంలో దోషం లేదు గనక వీధిలో ప్రతి ఇంటికీ కాయ అందింది. కానిస్టేబుల్ ఇంటికి అన్నిటికన్నా లేతది వెళ్ళింది. విత్తుకు ఈసారి కావలసినన్ని నిలిచాయి.

మళ్ళీ ఎండలు ముదిరాయి. ఒక వేకువన సుబ్బులమ్మ తన వంతు దొంగతనానికి కొంగు బిగించి పెరట్లోకి వచ్చింది. ఆయిషా బీ పెరటి అవతలి గోడ మీద అప్పటికే గలగల చప్పుడు. ఎర్ర తలపాగా ఒకటి అక్కడ కదలకుండా ఉంది. ఒక కాలు అటూ, ఒక కాలు ఇటూ, చంకలో సొరకాయ.

"మా ఆడది వినలేదమ్మా," పరంధామయ్య గొంతు పీలగా వచ్చింది. "ఇస్తే కాయదంట."

సుబ్బులమ్మ చటుక్కున వీపు తిప్పుకుంది. అటు పెరట్లో ఆయిషా బీ కూడా వీపు తిప్పుకునే ఉంది. గొంతు సవరించుకుంటోంది.