ముందు చక్రం అచ్చు

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. అవ్వ, బాపు, అమ్మ, చిన్నాయిన ఐలేశం, నేను. సైకిల్‌తో ఆరుగురమని అవ్వ అంటుంది, అది కూడా ఇంట్లోనే పడుకుంటుంది కనుక.

చిన్నాయిన తిరుమలగిరి బడిలో పంతులు. రోజూ గుట్ట బాటన పోతూ, పోలీసులకు దొరక్కుండా గుట్టలో దాక్కున్న సంఘం వాళ్లకు మందులు అందిస్తాడు. ఆ బాట నిండా కాలు పెడితే కదిలే రాళ్లు. ముందు రోజు వాటి మీద అరిగిన టైర్లు జారి చిన్నాయిన పడ్డాడు, మందు సీసా పగిలింది. గుట్టలో ఒకతని తూటా గాయం చీము పట్టిందట. ఆ రోజు మందు చేరకపోతే అతను దక్కడు. అందుకే లోతైన పళ్లున్న కొత్త టైరు తెచ్చాడు. ఒకటే దొరికింది.

బాపు ఒప్పుకోలేదు. తప్పిపోయిన గొర్రెను గిట్టల గుర్తు చూసి పట్టుకొచ్చే మనిషి ఆయన. పక్క ఊళ్లో పోలీసులు సైకిల్ అచ్చు వెంట నడిచి, ఒకతన్ని ఇంట్లోనే పట్టుకున్నారని గుర్తుచేశాడు.

"గా పండ్ల అచ్చు గుడ్డోనికి గూడ దొరుకుతది. పాతదే ఉండనీ."

"పాతదానితోని పడితె నన్ను గొర్రెపిల్ల లెక్క సంకనేసుకొస్తవా అన్నా?"

నేను మూలన నిలబడి రెండుసార్లు నోరు తెరిచి మూశాను. చివరికి అనేశాను.

"కొత్తది ముందుకెయ్యి చిన్నాయినా. ఎనుక నున్నటిది దాని అచ్చును తొక్కుకుంట వస్తది."

అందరూ నా వైపు చూశారు. ఇన్నాళ్లూ ఈ మాటలు ఎక్కడ దాచావని చిన్నాయిన నవ్వాడు. టైరు మార్చుకుని, అమ్మ కట్టిన సద్దిమూటలో మందు సీసా పెట్టుకుని వెళ్లిపోయాడు.

సైకిల్ వాకిట్లో తిరిగిన చోటు అప్పుడు చూశాను. నేను పొద్దున చల్లిన పేడనీళ్ల సాన్పి ఇంకా తడిగానే ఉంది. నేరుగా పోయినంత మేరా ఒకటే నున్నటి గీత. మలుపులో మాత్రం రెండు చక్రాలు విడిపోయాయి. ముందు చక్రం పళ్లు అచ్చు గుద్దినట్టు దిగాయి. గుట్ట మొదలయ్యేదాకా మట్టి బాటే, అన్నీ మలుపులే.

చీపురు అందుకున్నాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మనిషి గడప దాటంగనే ఊడుస్తరా? వాడు తిరిగి రావొద్దా?"

ఊరి బయట లారీ చప్పుడు వినిపించింది. ఈ వేళకు మా ఊరికి వచ్చేది పోలీసుల లారీయే. బాపు నా చూపు పడ్డ చోటే చూశాడు. దొడ్డి తడిక తీసి మందను వాకిట్లోకి వదిలాడు. గొర్రెలు ఆ అచ్చును తొక్కుతూ బాటకెక్కాయి.

అడ్డదారిన ఉరికి చిన్నాయినకు చెప్పి వస్తానన్నాను. మలుపుల దగ్గర దిగి, సైకిల్‌ను ఎత్తుకుని నడవమని.

"నువ్వు ఉరికితె వాళ్లు నీ ఎంబడే ఉరుకుతరు బిడ్డా. మలుపులు గొర్లు చూసుకుంటయి," అన్నాడు బాపు.

నేను అప్పటికే గడప మీద ఉన్నాను. బాపు కట్టెతో నన్ను లోపలికి నెట్టి, బయటి నుంచి తలుపు మూసి మంద వెంట నడిచాడు.